నగదు మాల్‌కు, ఉధార్ మన భాయికి

మన తెలుగులో కొనడం, అమ్మడం గురించి నాలుగు మాటలు మాట్లాడి చూడండి. బజారు, దుకాణం, ఖరీదు, రసీదు, నమూనా, జమ, ఖర్చు, బాకీ, వసూలు. ఇవన్నీ ఫార్సీ నుంచో అరబీ నుంచో ఉర్దూ చేయి పట్టుకొని మన ఊళ్ళకు వచ్చిన లఫ్జులే. ఇప్పుడు వీటిని ఎవరూ పరాయి మాటలు అనుకోరు. రెడ్డిగారి ఇంట్లోనూ బాకీ బాకీయే, షేక్ సాబ్ ఇంట్లోనూ బాకీ బాకీయే. తిజారత్‌కు ఇన్ని మాటలు ఇచ్చిన మనవాళ్ళ చిన్న దుకాణాల్లో ఇప్పుడు ఎక్కువగా వినపడేవి మాత్రం చివరి రెండే. బాకీ ఉంది, వసూలు కాలేదు.

ఉయ్యాలవాడ అంటే బయటివాళ్ళకు నరసింహారెడ్డి గుర్తొస్తాడు. 1846లో అంగ్రేజుల మీద తిరగబడి, 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన మనిషి. 2019లో సినిమా వచ్చినాక ఊరి పేరు చెబితే వివరించే పని తప్పింది. మా ఖాందాన్‌కు మాత్రం ఉయ్యాలవాడ అంటే అబ్బా సైకిలు.

అబ్బా గాజుల సాయిబు. సైకిలు వెనకాల చెక్కపెట్టె, భుజాన గాజుల మలారం. ఫజర్ చదివి బయల్దేరితే రూపనగుడి, ఆ చుట్టుపక్కల పల్లెలు తిరిగి మగ్రిబ్‌కు ఇల్లు చేరేవాడు. మాది నల్లరేగడి నేల. వాన పడితే చక్రం కదలదు. అప్పుడు మలారం ఒక్కటే వేసుకొని నడిచిపోయేవాడు. రోజు వాడుకకు ఫిరోజాబాద్ గాజులు, పెళ్ళిళ్ళకు హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులు. ఆ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అబ్బా ఉండుంటే, 'మన ఆడబిడ్డలు ఎప్పుడో గుర్తించినారు కదా' అని నవ్వేవాడు.

ఆయన దుకాణానికి గోడలు లేవుగానీ ఉసూల్ ఉండేది. గాజు తొడిగేటప్పుడు చిట్లితే ఆ నుఖ్సాన్ తనది, ఆడబిడ్డది కాదు. చూడ్డానికి పైసలు లేవు. పదిమంది చేరి పెట్టె అంతా విప్పించి ఒక్క జత కొనకపోయినా ముఖం ముడుచుకునేవాడు కాదు. చేతిలో లేకపోతే పంటకు ఇవ్వొచ్చు, జొన్నలైతే జొన్నలు, శనగలైతే శనగలు. ఖాతా పుస్తకం లేదు, అంతా జెహన్‌లోనే. ధర మాత్రం అందరికీ ఒక్కటి కాదు. పెద్దింటి కోడలికి ఒక ధర, కూలికి పోయే ఆమెకు ఇంకో ధర. దాన్ని మేము బేరం అనుకోలేదు, ఇన్సాఫ్ అనుకున్నాం.

అబ్బా తర్వాత తమ్ముడు ఆళ్లగడ్డలో దుకాణం పెట్టినాడు. రాతి విగ్రహాలు చెక్కే ఊరు అది, ఆ శిల్పాలు దేశమంతా పోతాయి. ఆ ఊళ్ళో మావాడిది ఆరడుగుల వెడల్పు గాజుల దుకాణం. గాజులు, పిన్నులు, మెహందీ కోన్లు, పిల్లల హెయిర్ బ్యాండ్లు. పాతికేళ్ళు ఇల్లు నడిపింది, ఇద్దరు ఆడపిల్లల నిఖా చేసింది. ఇప్పుడు గిరాకీ పలచబడింది. పెళ్ళి కుదిరితే మావాళ్ళ దారులు ఎప్పటినుంచో ఖాయం. బంగారానికి ప్రొద్దుటూరు, స్తోమత ఉంటే జోడాలకు హైదరాబాద్ పత్తర్‌గట్టీ. ఇప్పుడు వీటికి నంద్యాలలో ఏసీ షోరూములు తోడైనాయి. ఇల్లు కదలనివాళ్ళకు ఫోను ఉండనే ఉంది. భతీజా డిగ్రీ చదివినాడు. 'ఫుప్పూ, దీంట్లో బర్కత్ లేదు, నేను కువైట్ పోతా' అని పాస్‌పోర్టు తీయించుకున్నాడు.

2023 వేసవిలో నేను బిడ్డ దగ్గరికి లండన్ బయల్దేరినప్పుడు తమ్ముడు అత్తరు అడగలేదు, చాక్లెట్లు అడగలేదు. 'ఆపా, అక్కడి దుకాణాలు జర గౌర్‌సే చూసి రా. ఏం చేస్తే మనుషులు లోపలికి వస్తారో చూసి చెప్పు' అన్నాడు. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, వ్యాపారం తెలిసినదాన్ని కాను. అయినా అడిగింది తమ్ముడు. ఆ నెలన్నర చూసిందంతా వాడి కోసమే చూసినాను.

బిడ్డ వాళ్ళ ఇల్లు ఈస్ట్ హామ్‌లో. మొదటి వారమే దామాద్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ చూపించినాడు. పొడవాటి వీధి, రెండువైపులా దుకాణాలే. అందులో రాతి స్తంభాలతో కోటలా నిలబడింది సెల్ఫ్రిడ్జెస్. హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ అనే అమెరికా ఆయన 1909 మార్చిలో తెరిచినాడు. అంతకుముందు లండన్ పెద్ద దుకాణాల్లో చాలామటుకు సరుకు బల్ల వెనకాల ఉండేది. ఏం కావాలో చెబితే తీసి చూపించేవాళ్ళు. ఈయన సరుకు బయట పరిచి, ముట్టుకొని చూడండి అన్నాడు. ఆడవాళ్ళు వచ్చి సేపు గడపడానికి చాయ్ తాగే చోటు, కూర్చొని చదువుకునే గది పెట్టినాడు. అదే ఏడాది బ్లేరియో ఇంగ్లిష్ ఛానల్ మీదుగా విమానం నడిపితే, ఆ విమానాన్ని తెచ్చి దుకాణంలో నిలబెట్టినాడు. అమ్మకానికి కాదు, చూడ్డానికి. నాలుగు రోజుల్లో లక్షకు పైగా జనం వచ్చి చూసిపోయినారట.

నేను బురఖాలో, పాత చెప్పులతో, చేతిలో నీళ్ళ సీసాతో గంటన్నర తిరిగినాను. ఒక్క పెన్నీ ఖర్చు పెట్టలేదు. అత్తరు బల్లల దగ్గర ఒక అమ్మాయి కాగితం ముక్క మీద చల్లి చేతికిచ్చి 'హావ్ ఎ నైస్ డే' అంది, అంతే. ఎవరూ వెంట రాలేదు. మన దగ్గర ఒక పెద్ద ఊళ్ళో ఒక పెద్ద షోరూమ్‌లో నాకు జరిగింది గుర్తొచ్చింది. మెట్లెక్కుతుంటేనే సేల్స్ అబ్బాయి నా చెప్పులు చూసి, 'అమ్మా, ఏ రేంజ్‌లో చూపించాలి?' అన్నాడు. నేను ఇంకా సరుకు చూడలేదు, వాడు అప్పుడే నా జేబు చూసినాడు. ఇలాంటిది మనలో చాలామందికి అనుభవమే. ఆ రోజు సెల్ఫ్రిడ్జెస్‌లో నాకు తోచింది ఏమంటే, అక్కడి గొప్ప ఆ దీపాలది కాదు. చూడ్డానికి పైసలు అడగకపోవడం అబ్బా ఉసూలే. ఆయన సైకిలు మీద చేసినదాన్ని వాళ్ళు మహల్‌లో చేసినారు.

ఇంటికొచ్చి బిడ్డను అడిగి ఈ దుకాణాల తారీఖ్ కొంత చదివినాను. వీటన్నిటికీ పెద్దన్న లండన్‌లో కాదు, పారిస్‌లో ఉంది. అరిస్టీడ్ బూసికో అనే ఆయన 1852లో బాన్ మార్షేలో చేరి పద్ధతులు మార్చినాడు. ప్రతి వస్తువు మీద ధర రాసి పెట్టడం, ఆ ధర అందరికీ ఒక్కటే కావడం, నచ్చకపోతే తెచ్చి ఇచ్చేయడం. ఇవాళ మనకు మామూలుగా అనిపించే ఈ సంగతులు అప్పట్లో ఇన్‌ఖిలాబ్. ఆ రకం దుకాణం మీదే ఎమిల్ జోలా 1883లో ఒక నవల రాసినాడు. అందులో ఎదురుగా ఉన్న పాత బట్టల దుకాణం మెల్లగా ఆరిపోతుంది. అంటే మా తమ్ముడి ఫికర్‌కు నూట నలభై ఏళ్ళ వయసు.

నా దిల్‌కు బాగా దగ్గరైన కహానీ మాత్రం మైకేల్ మార్క్స్‌ది. రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన యహూదీ. ఇంగ్లిష్ అంతంతమాత్రం. మూట మోసుకొని ఊరూరా తిరిగి సూదులు, దారాలు అమ్మినాడు. 1884లో లీడ్స్ ఊరి కర్క్‌గేట్ మార్కెట్‌లో ఒక బల్ల పెట్టినాడు. ధర అడగొద్దు, అన్నీ ఒక పెన్నీయే అని బోర్డు రాసినాడు. దానికి పెట్టుకున్న పేరు పెన్నీ బజార్! మన బజారు లఫ్జే అక్కడిదాకా పోయి మూటల వ్యాపారిని నిలబెట్టింది. పదేళ్ళకు స్పెన్సర్ అనే ఆయన షరీక్ అయినాడు. అదే ఇవాళ్టి మార్క్స్ అండ్ స్పెన్సర్. భాష రానివాడికి బేరం చేయడం కష్టం. ఆ కష్టం నుంచే ఒకే ధర అనే మాట వచ్చింది. అది కొనేవాళ్ళకూ మేలు చేసింది. పిల్లవాడు వచ్చినా, గొంతు లేని మనిషి వచ్చినా, అందరికీ అదే పెన్నీ.

లిబర్టీ అనే ఇంకో దుకాణం ఉంది. 1875లో తూర్పు దేశాల పట్టుబట్టలు అమ్ముతూ మొదలైంది. 1924లో కట్టిన ఇప్పటి ఇమారత్‌కు రెండు పాత యుద్ధనౌకల కలప వాడినారు. ఒక నౌక పేరు హిందుస్తాన్. నేను ఆ చెక్క మెట్లను చేత్తో తడిమి చూసినాను. అక్కడ ఏ వస్తువు పక్కన చూసినా చిన్న చీటీ, ఇది ఫలానా చోట ఫలానా తీరుగా చేసింది అని. మా తమ్ముడి దుకాణంలో లాడ్ బజార్ లక్క గాజులూ, ప్లాస్టిక్ గాజులూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఆ సంగతి కాగితం మీద రాసుకున్నాను.

కొత్త తరం వింత కూడా చూసినాను. 2021 మార్చిలో అమెజాన్ కంపెనీ లండన్‌లో ఈలింగ్ అనే చోట గల్లా లేని దుకాణం తెరిచింది. ఫోను చూపించి లోపలికి పోయేవాళ్ళు, కావలసింది తీసుకొని బయటికి నడిచేవాళ్ళు. పైన కెమెరాలు చూసి లెక్క కట్టి ఖాతా నుంచి డబ్బు తీసుకునేవి. నా బిడ్డ పెరుగు డబ్బా తీసి సంచిలో వేసుకొని నడిచింది. నాకు దొంగతనం చేసినట్టు గుండె దడదడలాడింది. బయటికొచ్చినాక నవ్వొచ్చింది. చేతిలో పైసా లేకుండా సరుకు తీసుకొని పోవడం మా ఊళ్ళో కొత్తనా? అబ్బా జెహనే కెమెరా. ఎవరు ఎన్ని డజన్లు తీసుకున్నారో మరిచేవాడు కాదు. ఒక్కటే ఫరక్. వాన రాని ఏడు ఎవరి గడప దగ్గర ఆగకూడదో కూడా ఆ జెహన్‌కు తెలుసు. తీసుకున్నది యంత్రానికి తెలుస్తుంది. ఇవ్వలేని మజ్‌బూరీ తెలియదు.

ఆ మనిషి లేని దుకాణం వెనకాల కూడా మనుషులు ఉన్నారని 2024లో పత్రికలు రాసినాయి. ఇండియాలో కూర్చొని వీడియోలు సరిచూసేవాళ్ళు ఉన్నారని. వాళ్ళ పని ముఖ్యంగా యంత్రానికి నేర్పడమేనని కంపెనీ జవాబు. 2025లో బ్రిటన్‌లో ఆ పేరుతో ఉన్న దుకాణాలన్నీ తీసేయాలనుకుంటున్నామని కంపెనీయే చెప్పింది. ఆ ఖబర్ చదివి తమ్ముడికి ఫోన్ చేసినాను. 'నీది ఇంకా తెరిచే ఉంది కదరా' అంటే వాడు నవ్వినాడు.

బిడ్డ ఇంటికి దగ్గరలో గ్రీన్ స్ట్రీట్ అని ఉంది. చీరలు, షేర్వానీలు, బంగారం, మిఠాయి, హలాల్ గోష్త్. కాసేపు లండన్ అని మరిచిపోతాం. అప్టన్ పార్క్ స్టేషన్ పక్కనే క్వీన్స్ మార్కెట్. అక్కడ టమాటాలు, బెండకాయలు, మిరపకాయలు గిన్నెల్లో పోసి పెడతారు, గిన్నె ఒక పౌండు. మన సంతలో కుప్ప పది రూపాయలు అన్నట్టే. తూకం లేదు, బేరం లేదు. గిన్నె కళ్ళముందే ఉంది, నచ్చితే సంచి పట్టు. ఆ మార్కెట్ జాగాలో పెద్ద టవర్ కట్టాలని ప్లాన్ వేస్తే అక్కడ సౌదా చేసేవాళ్ళూ, కొనేవాళ్ళూ కలిసి ఏళ్ళ తరబడి కొట్లాడినారు. 2009లో లండన్ మేయర్ ఆ ప్లాన్ తిరస్కరించినాడు. మార్కెట్ మిగిలింది. ఇది నన్ను బాగా ఆలోచింపజేసింది. దుకాణం కోసం దుకాణ్‌దారు కొట్లాడటం మామూలే. కొనేవాళ్ళు కూడా వీధిలోకి వచ్చినారంటే అది తమది అనుకున్నట్టే కదా!

తిరిగొచ్చి తమ్ముడితో కూర్చున్నాను. నేను చెప్పిన వాటికి పైసా ఖర్చు లేదు. ప్రతి డబ్బా మీద ధర రాయి. ముందర ఒక స్టూలు, ఒక నిలువుటద్దం పెట్టు, ఆడవాళ్ళు తీరిగ్గా తొడిగి చూసుకోవాలి. వారంలోపు తెస్తే మార్చి ఇస్తానని బోర్డు పెట్టు. లక్క గాజులు వేరే పెట్టి, ఇవి లాడ్ బజార్‌వి అని చీటీ రాయి.

తమ్ముడు అన్నీ విని ఒక్కమాట అడిగినాడు. 'ఆపా, ధర అందరికీ ఒక్కటే చేస్తే అబ్బా ఇన్సాఫ్ ఏమవుతుంది? కూలికి పోయే ఆమె కూడా అదే ఇవ్వాలా?' ఆ సవాల్‌కు నా దగ్గర వెంటనే జవాబు లేదు. రెండు రోజులు ఆలోచించి చెప్పినాను. రేటు అందరికీ ఒక్కటే ఉండనీ, కానీ తక్కువలో ఉండనీ. ఇవ్వలేని ఆమెకు నువ్వు తగ్గిస్తే అది నీకూ ఆమెకూ మధ్య, నీ జేబులోంచి. రేటులో ఆ హిసాబ్ కలపొద్దు. కలిపితే ప్రతి మనిషినీ గడపలోనే తూకం వేయాల్సి వస్తుంది, ఆ షోరూమ్ అబ్బాయి నన్ను తూచినట్టు. వాడు ఒప్పుకున్నాడు, సగం మనసుతోనే.

అప్పుడు భతీజా లోపలి నుంచి ఖాతా పుస్తకం తెచ్చి నా ముందర పెట్టినాడు. 'ఫుప్పూ, అద్దం స్టూలు తర్వాత. ముందు ఇది చూడండి.'

లెక్కల టీచరును కదా, కాగితం తీసుకొని కూడినాను. 41 పేర్లు. మొత్తం బాకీ 1,86,000 రూపాయలు. ఆరడుగుల దుకాణానికి అది ఒక పూర్తి సీజన్ సరుకు. పొలం పనికి పోయే ఇళ్ళ బాకీలన్నీ కలిపితే 22,000. వాళ్ళు పంట రాగానే వచ్చి కొంతైనా ఇచ్చిపోతున్నారు, తారీఖులు చూస్తే తెలుస్తుంది. మిగతా 1,64,000 నెల జీతం ఉన్న ఇళ్ళవి, గల్ఫ్ నుంచి పైసలు వచ్చే ఇళ్ళవి. మా రిష్తేదారులవి, తమ్ముడి దోస్తులవి. 'అప్నాచ్ హై నా, బాద్‌మే దేతూం' అన్నవాళ్ళవి. ఆ పేర్లలో నాలుగు ఇళ్ళ పెళ్ళిళ్ళకు నేను పోయినాను. జోడాలు నంద్యాల షోరూమ్‌లో కార్డు గీకి తెచ్చినారు. గాజులు, మెహందీ, చిన్నా చితకా మాత్రం తమ్ముడి దగ్గర ఉధార్.

మాల్‌లో పదివేల సరుకు తీసుకొని 'భాయి, వచ్చే నెల ఇస్తా' అని ఎవరైనా అంటారా? అనరు. నోరు రాదు. మన గల్లీ భాయి దగ్గర మాత్రం మొహమాటం లేదు. పరాయివాడికి నగదు, అప్నావాలాకు బాకీ. మాల్ వచ్చి చిన్న దుకాణాన్ని మింగేసింది అంటాం. నిజమే, అందులో కొంత హఖీఖత్ ఉంది. మా ఇంటి పుస్తకం చెప్పేది మాత్రం ఇంకొకటి. గిరాకీ తగ్గినందుకు కంటే, అమ్మిన సరుకుకు పైసలు రానందుకే ఈ దుకాణం మూతబడే దగ్గరికి వచ్చింది. హైదరాబాద్‌లో సరుకు ఇచ్చే సేట్ నెలకు మించి ఆగడు. తమ్ముడు ఆగుతాడు, ఎందుకంటే అడిగితే రిష్తా పోతుందని దడ.

లండన్ పెద్ద దుకాణాల నుంచి నేర్చుకోవాల్సింది అమ్మేవాళ్ళ జబాన్ గురించి. ఒకే ధర, చూడ్డానికి ఇజాజత్, నచ్చకపోతే వాపస్. మా తమ్ముడు ఆ జబాన్ ఇవ్వగలడు, ఇచ్చినాడు. కొనేవాళ్ళ జబాన్ ఒకటి ఉంది, ఇస్తానన్న రోజు ఇవ్వడం. అది ఏ దుకాణమూ కొనేవాళ్ళ తరఫున ఇవ్వలేదు. అబ్బా కాలంలో పంటకు ఇస్తానన్న మనిషి పంటకు ఇచ్చేది. ఉధార్ అంటే అప్పుడు భరోసా. ఇప్పుడు దాన్ని మనం హఖ్ అనుకుంటున్నాం.

ఇప్పుడు దుకాణంలో ధరలు రాసి ఉన్నాయి. స్టూలు ఉంది, అద్దం ఉంది. అప్పటి దాకా మొగుడి వెనకాల నిలబడి చూసిపోయే ఆడవాళ్ళు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి కూర్చొని ఏరుకుంటున్నారు. ఆ మరుసటి చాంద్ రాత్‌కు తెల్లవారుజాము రెండింటి దాకా గిరాకీ నడిచింది. ఖాతా పుస్తకంలో కొత్త షర్తు రాసినారు. పంట మీద బతికే ఇళ్ళకు పంట దాకా, మిగతావాళ్ళకు ఉధార్ లేదు, ఫోన్ స్కాన్ చేయాల్సిందే. పాత బాకీల్లో 70,000 దాకా వచ్చింది. ఇద్దరు చుట్టాలు అలిగి మాట్లాడటం మానేసినారు. వాళ్ళ బాకీ ఇంకా అట్లే ఉంది.

భతీజా పాస్‌పోర్టు ఇంకా గల్లా పెట్టెలోనే ఉంది. 'ఇంకొక్క సాల్ చూస్తా ఫుప్పూ' అంటాడు. పోతాడో ఉంటాడో నేను చెప్పలేను. ఉండాలంటే వాడికి నసీహత్ కంటే నగదు ముఖ్యం.

ఇది చదివే బహన్లు, భాయీలు ఒక్క పని చేయండి. మీ గల్లీలో కిరాణా, టైలరు, గాజులు, గోష్త్, ఏదో ఒక దుకాణంలో మీ ఇంటి పేరు ఖాతాలో ఉంటుంది. ఈసారి పెద్ద దుకాణం మెట్లెక్కే ముందు అక్కడికి పోయి పుస్తకం తీయమని అడగండి. ఆయన మొహమాటానికి 'పర్లేదు, తర్వాత చూద్దాం' అంటాడు. వినొద్దు. లెక్క చూసి ఇచ్చేయండి. మిగిలిన డబ్బుతో ఎక్కడైనా కొనండి, మీ ఇష్టం. గాజులకు ఆళ్లగడ్డ దాకా వస్తే స్టూలు వేసి ఉంటుంది, కూర్చొని చూడండి. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు.